చర్చా సభకి మీడియా పార్ట్‌నర్: మూడు మీటింగుల తర్వాత నా మాట

ముందే చెప్తున్నా, ఛానల్ పేరు రాయను. వాళ్లు పనిచేసేదే నలుగురు, మెడికల్ షాపు పైన ఒక్క గది ఆఫీసు. పేరు పెట్టి నాలుగు తిట్లు తిడితే ఆ నలుగురి పొట్ట మీద పడుతుంది, పేరు పెట్టి పొగిడితేనేమో నన్ను వాళ్ల మనిషి అంటారు. నల్లగొండలో సొంతంగా నడుపుకునే ఒక వెబ్‌సైటు, దానికో యూట్యూబ్ ఛానల్ అనుకోండి, చాలు. పార్టీ కండువా లేదు, కాంట్రాక్టర్ పెట్టుబడి లేదు, చందాలు, చిన్న చిన్న యాడ్‌లు, అంతే. రెండేళ్లుగా చూస్తున్నా కాబట్టి ఈ మాట అనగలుగుతున్నా.

ఇక మేం ఎవరంటే, ఇద్దరు రిటైర్డ్ టీచర్లు, ఒక లాయర్, డిగ్రీ చదివే నలుగురు పిల్లలు, ఇన్సూరెన్స్ పాలసీలు చేయించే నేను. రెండు నెలలకోసారి ఏదో ఒక విషయం మీద చర్చ పెడతాం. ఇంతకుముందు ప్రచారం అంటే క్లాక్ టవర్ సెంటర్‌లో ఒక ఫ్లెక్సీ, ప్రకాశం బజార్‌లో వెయ్యి కరపత్రాలు. ఫ్లెక్సీ పొద్దున కడితే సాయంత్రానికి దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వచ్చి కూర్చునేది, కిందినుంచి మాది "...కి అందరూ ఆహ్వానితులే" అన్న ముక్క ఒక్కటి కనపడేది. ప్రెస్ నోట్ పంపిస్తే జిల్లా పేజీలో నాలుగు లైన్లు, "వక్తలు పేర్కొన్నారు" అని. ఏం పేర్కొన్నారో అందులో ఉండదు. ఒక విలేకరి అయితే మొహమాటపడుతూనే "అన్నా, దసరాకి చిన్న యాడ్ ఏమైనా ఇస్తే ఫోటోతో వేయిస్తా" అన్నాడు. పాపం ఆయన టార్గెట్ ఆయనది, తప్పు పట్టను.

అట్లా ఉన్నప్పుడు ఈ ఛానల్ వాళ్లతో మాట్లాడాం. డబ్బులు వద్దన్నారు. ఒక పేజీ కాగితం రాసుకొచ్చారు, అది చదివి మా లాయర్ మురిసిపోయాడు. బ్యానర్ మీద వాళ్ల లోగో మా పేరు కంటే పెద్దగా ఉండకూడదు, వేదిక మీద ముఖ్య అతిథి పేరుతో నాయకుడు కూర్చోవద్దు (కింద కూర్చుని అందరితో పాటు ప్రశ్న అడగొచ్చు), రికార్డింగ్ వాళ్లది, కానీ మేం ఎక్కడైనా వాడుకోవచ్చు. ఆఖర్న ఒక లైను, మేం సరిగ్గా చదవకుండానే సంతకం పెట్టిన లైను: పార్ట్‌నర్ అయినంత మాత్రాన మీ కార్యక్రమాన్ని మెచ్చుకుంటూ రాస్తామని అనుకోవద్దు. దీని సంగతి తర్వాత చెప్తా.

మొదటి చర్చ మా జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్ మీద. టీచర్ గారు వద్దన్నారు, ఎన్నిసార్లు మాట్లాడిందే మాట్లాడతాం, 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ పెట్టి మిషన్ భగీరథ మొదలుపెట్టారు, కృష్ణ నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, ఇంకా ఏం చర్చ అని. ఛానల్ పిల్లలు మాత్రం అదే కావాలన్నారు. మీటింగ్‌కి వారం ముందు ఊళ్లు తిరిగి మూడు చిన్న వీడియోలు తీశారు. వాటిల్లో ఎక్కడా "తరలి రండి" అని లేదు, వక్తల ఫోటోలు లేవు. గడప ముందర నిలబడి ఒకటే ప్రశ్న: "మీ ఇంట్లో తాగేది నల్లా నీళ్లా, క్యాన్ నీళ్లా?" ఒకామె నల్లా నీళ్లు పట్టుకుంటూనే "ఇవి బట్టలకు, బోళ్లకు" అని, లోపలికి చెయ్యి చూపించి "తాగేటివి అవి" అంది, స్టూల్ మీద నీలం మూత క్యాన్. నలభై సెకన్ల వీడియో. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దని మేం ఇన్నేళ్లు కరపత్రాల్లో రాస్తూనే ఉన్నాం, ఎవరూ చదవలేదు. ఆ క్యాన్ మాత్రం అందరూ చూశారు.

అయితే ఒక భ్రమ ముందే పోగొట్టుకోండి. వాళ్ల ఛానల్‌కి వేలల్లో సబ్‌స్క్రైబర్లు ఉన్నారు కదా, హాలు సరిపోదేమో అని టెంట్ హౌస్‌లో అదనంగా వంద కుర్చీలు చెప్పా. వచ్చింది డెబ్బై మంది. ఆ వంద కుర్చీలకి కిరాయి నా జేబులోంచి కట్టా. ఫోన్‌లో చూసేవాడు ఫోన్‌లోనే చూస్తాడు, అది వేరే జనం. కాకపోతే ఆ డెబ్బైలో నలభై ముఖాలు మాకు కొత్త. ఎప్పుడూ మా మీటింగులకి వచ్చి మా జోకులకే నవ్వే ఆ ముప్పై మంది కాకుండా నలభై మంది.

ఆ రోజు చర్చ నడిపించింది వాళ్ల కుర్రాడే, ఇరవై ఆరేళ్లుంటాయి. టీచర్ గారు అలవాటు కొద్దీ 1996 లోక్‌సభ ఎన్నిక ఎత్తుకున్నారు. ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం కొట్లాడిన జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు, పోలింగ్ వాయిదా పడింది, బ్యాలెట్ పేపరు పుస్తకం సైజుకొచ్చింది, ఆ తర్వాతే డిపాజిట్ అయిదు వందల నుంచి పది వేలకి పెంచారు. మాకు నోటికొచ్చిన కథ ఇది. కుర్రాడు అప్పటికి పుట్టనే లేదు. మైకు పట్టుకుని చాలా మామూలుగా "ఆ 480 మందిలో ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. మాకు ఇన్నేళ్లలో ఈ ప్రశ్న తట్టలేదు. వెనకాల నీళ్ల డ్రమ్ము పక్కన ఒక చెయ్యి లేచింది. తువాలు భుజం మీద వేసుకున్న పెద్దాయన, మోకాళ్లు వంగవు, నిలబడటానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. "మేకపోతును అమ్మి డిపాజిట్ కట్టిన. నాకు ఓట్లెన్ని వచ్చినయో ఇప్పటికీ తెల్వది" అన్నాడు. హాలంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు, తర్వాత ఎవరికీ మాట రాలేదు కాసేపు. మా వక్తల లిస్టులో ఆయన పేరు ఎప్పుడూ లేదు.

ఇప్పుడు తిట్ల భాగం. లైవ్ అన్నారు, హాల్లో సిగ్నల్ లేదు, ఇరవై నిమిషాలు స్క్రీన్ మీద చక్రం తిరిగింది. హైదరాబాద్ నుంచి చూస్తున్న మా బావమరిది ఫోన్ చేసి "బావా, మీ చర్చ గుండ్రంగా ఉంది" అన్నాడు. అది పోనీ, రెండో మీటింగ్‌కి పక్క షాపు నుంచి వైరు లాగి సరిచేసుకున్నారు. అసలు కోపం వచ్చింది థంబ్‌నెయిల్ దగ్గర. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అక్క వాళ్లమ్మ గురించి నాలుగు నిమిషాలు మాట్లాడింది. గట్టిగా మాట్లాడింది, నీళ్ల పరీక్ష రిపోర్టు కాగితం చేతిలో ఊపుతూ మాట్లాడింది. తెల్లారి చూస్తే వీడియోకి పెట్టిన పేరు "కన్నీళ్లు పెట్టిస్తున్న తల్లి కథ", ఆమె కళ్లు మూసుకున్న క్షణం పట్టుకుని ఫోటో, దాని మీద ఎర్ర బాణం గుర్తు. ఆమె నాకు ఫోన్ చేసింది. "నేనేడ ఏడ్చిన సారూ? నాకు కోపమొచ్చింది గానీ ఏడుపు రాలేదు. మా ఊరోళ్లు అందరు చూస్తున్నరు."

నేను ఛానల్‌కి ఫోన్ చేస్తే ఎడిటర్ (ఎడిటర్ అంటే ఆ నలుగురిలో పెద్దాయన) మొదట సర్దిచెప్పబోయాడు. కన్నీళ్లు అని పెడితే చూసేవాళ్లు ఎక్కువ, నీళ్ల పరీక్ష అని పెడితే ఎవరూ నొక్కరు, చూసినవాళ్లకి లోపల ఉన్నది అసలు విషయమే కదా అన్నాడు. ఇదే మాట పెద్ద ఛానళ్లవాళ్లు అంటే మీరు తిడతారు కదన్నా అన్నా. ఫోన్ పెట్టేశాడు. మార్చడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మార్చి, కింద "ముందు పెట్టిన శీర్షిక తప్పు" అని ఒక వాక్యం రాశారు, ఆమెకి ఫోన్ చేసి కూడా చెప్పారంట. అట్లా రాసినవాళ్లని నేను ఈ జిల్లాలో ఇంతవరకు చూడలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ ఒకటిన్నర రోజు ఆమె ఊళ్లో ఎట్లా తిరిగిందో మాకు తెలియదు.

రెండోది మహబూబ్‌నగర్‌లో, అక్కడి మిత్రులతో కలిసి. విషయం ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం. తవ్వుతున్నది పాలమూరు వైపు నల్లమల గుట్టల్లో, నీళ్లు రావాల్సింది నల్లగొండకి, పొడవు దాదాపు 44 కిలోమీటర్లు, 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. రెండు జిల్లాలవాళ్లం ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతే. కానీ ప్రచారంలో మావాళ్లు తేలిపోయారు. ఛానల్‌కి ఆ వైపు ఉన్నది జడ్చర్లలో ఒక్క కంట్రిబ్యూటర్, అతనిది వేరే ఉద్యోగం. వీడియోలన్నీ నల్లగొండలో కూర్చుని చేశారు, ఒకదాంట్లో "మన జిల్లా ప్రజలారా" అని కూడా అన్నారు, పాలమూరు మిత్రులు ఇప్పటికీ ఆ మాటతోనే నన్ను పలకరిస్తున్నారు. ఇరవై ఐదు మంది వచ్చారు, అందులో ఆరుగురం నల్లగొండ నుంచి బండేసుకుని పోయినవాళ్లమే. చిన్న ఛానల్ బలం దాని గల్లీ వరకే. అది దాటి ఆశపడటం మాది తప్పు.

ఆ మీటింగ్ మీద వాళ్లు ఒక వార్త రాశారు. మొదటి వాక్యమే ఇది: "కూలీల చావు మీద జరిగిన చర్చలో వేదిక మీద ఐదుగురు, ఐదుగురూ మగవాళ్లే, సొరంగంలో ఎప్పుడైనా పనిచేసినవారు ఒక్కరూ లేరు." మేమే పిలుచుకుని, మేమే భోజనాలు పెట్టి, వాళ్ల లోగో మా బ్యానర్ మీద వేసి! టీచర్ గారు వాట్సాప్ గ్రూప్‌లోంచి బయటికి పోయారు. లాయర్ ఆ కాగితం తీసి ఆఖరి లైను ఫోటో పెట్టాడు. వారం తర్వాత టీచర్ గారు తిరిగొచ్చి, ఏమీ జరగనట్టే గుడ్ మార్నింగ్ పెట్టి, మధ్యాహ్నానికి "అవును, ఒక కూలీనైనా పిలవాల్సింది" అని రాశారు.

మూడోది గ్రంథాలయాల మీద, బానే జరిగింది, పెద్దగా చెప్పడానికి లేదు. 1922లోనే మన నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వారం వారం వచ్చేదని చెప్తే ఛానల్ కుర్రాళ్లు నోరెళ్లబెట్టారు. నిజాం కాలంలో, తెలుగులో, ఈ ఊరి నుంచి పత్రిక నడిపినవాళ్లకి వ్యూస్ గోల లేదు గానీ మిగతా తిప్పలన్నీ ఉండే ఉంటాయి అని ఎడిటర్ అన్నాడు, అని కాసేపు ఊరికే కూర్చున్నాడు.

ఖర్చు సంగతి అడుగుతారు కదా. మీటింగ్‌కి రెండు వేల లోపు అయింది, పెట్రోలు, భోజనాలు, ఒకసారి కాలర్ మైకు అద్దె. ఫ్లెక్సీలకి అంతకంటే ఎక్కువ పోసేవాళ్లం. మీకు కావాల్సింది శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, నాయకుడి పక్కన ఫోటో అయితే వీళ్ల దగ్గరికి పోవద్దు, మీకూ సుఖం ఉండదు, వాళ్లకీ ఉండదు. మీ ఊళ్లో మీరు అడగని ప్రశ్న ఇంకెవరైనా అడిగితే తట్టుకోగలం అనుకుంటే పోండి. శీర్షిక, థంబ్‌నెయిల్ ముందు చూపించాలని మాత్రం కాగితం మీద రాయించుకోండి, నోటిమాట పనికిరాదు. నేనైతే ఐదుకి మూడున్నర ఇస్తా, ఆ సగం మార్కు తువాలు పెద్దాయన కోసం.

నాలుగోది వచ్చే నెల. ఈసారి మర్రిగూడ అక్క వేదిక మీదే ఉంది. కొత్త షరతు ప్రకారం పోస్టర్ ముందు ఆమెకే వాట్సాప్‌లో పంపించారు. పది నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఫోటో మంచిగనే ఉంది సారూ, కండ్లు తెరిచే ఉన్నయి. గని మా ఊరి పేరు తప్పు రాసిండ్రు."