మ్యూజియానికి ‘యాక్సెసిబిలిటీ కిట్’: రాయలసీమ బండల మీద ఎంతవరకు పనికొస్తుంది?

మడత ర్యాంపు, నేలకు అంటించే పసుపు టైల్స్, బ్రెయిలీ బోర్డు, గోడకు క్యూఆర్ స్టిక్కర్లు. దివ్యాంగులూ ఇబ్బంది లేకుండా వచ్చి చూసేలా చిన్న మ్యూజియాలకు, గ్రంథాలయాలకు, కళాక్షేత్రాలకు ఈ నాలుగూ కలిపి ఒక కిట్‌గా అమ్ముతుంటారు. కడప, కర్నూలు, అనంతపురం వైపు కొనేవాళ్లకు మా సలహా: కలిపి కొనొద్దు. ర్యాంపు రకం మార్చి తీసుకోండి, టైల్స్ బయటికే పరిమితం చేయండి, బ్రెయిలీ బోర్డు విడిగా చేయించుకోండి.

ముందు ర్యాంపు. కిట్‌లో సాధారణంగా వచ్చేది రెండు పట్టాల రకం, ఒక్కో వైపు చక్రానికి ఒక్కో పట్టా. వీల్‌చైర్ వరకు ఇబ్బంది లేదు. కానీ మన దగ్గర చాలామంది మూడు చక్రాల సైకిల్ మీదో, పక్క చక్రాలు బిగించిన స్కూటీ మీదో వస్తారు. సైకిల్ ముందు చక్రం సరిగ్గా రెండు పట్టాల మధ్య ఖాళీలోకి దిగుతుంది. అందుకే వెడల్పాటి ఒకే పలకగా పరుచుకునే ర్యాంపు కావాలి. పైగా ఆ సైకిల్ పొడవుకి గదుల్లో మలుపు తిరగదు. దాన్ని నీడలో నిలిపే చోటు, గుమ్మం దగ్గరే ఒక వీల్‌చైర్ సిద్ధంగా ఉంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

పొడవు లెక్క చాలా తేలిక: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. దీన్నే 1:12 వాలు అంటారు, 2021 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. 6 అంగుళాల మెట్టు ఒకటే ఉంటే 6 అడుగుల ర్యాంపు చాలు. అదే ర్యాంపును రెండు మెట్లకు వేస్తే వాలు రెట్టింపవుతుంది. ఎక్కేటప్పుడు వీల్‌చైర్ వెనక్కి తిరగబడొచ్చు, దిగేటప్పుడు కూర్చున్న మనిషి ముందుకు జారొచ్చు. డబ్బా మీద ‘300 కిలోలు మోస్తుంది’ అని ఉంటే అది పలక బలం, వాలుకి దానితో సంబంధం లేదు. రెండు మెట్లు దాటితే మడత ర్యాంపు ఆలోచన మానేసి సిమెంటు ర్యాంపు కట్టించండి. వెడల్పు 1200 మి.మీ., కిందా పైనా 1500 మి.మీ. చదునైన జాగా, రెండు వైపులా పట్టుకమ్మీలు 760, 900 మి.మీ. ఎత్తుల్లో ఉండాలి.

ఇక జారుడు సంగతి. మన గుమ్మాల ముందు ఉండేది పాలిష్ పట్టిన కడప బండో, తాడిపత్రి బండో. ర్యాంపు పై అంచు దాని మీద ఊరికే ఆనితే చక్రం ఎక్కిన తోపుకి వెనక్కి జారుతుంది. అంచు కింద రబ్బరు పట్టీ వేసినా దుమ్ము పడ్డాక పట్టు పోతుంది. బండకు రెండు రంధ్రాలు వేసి పిన్నులతో నిలబెట్టడమే నమ్మకమైన పద్ధతి. కడప బండ పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. డ్రిల్లును హామర్ మీద పెట్టి కొడితే పై పొర పెచ్చుగా లేచిపోతుంది. హామర్ ఆపేసి, డైమండ్ బిట్‌తో నీళ్లు పోస్తూ నెమ్మదిగా దించాలి. బండ అంచు నుంచి కనీసం నాలుగు వేళ్లు లోపలికి వేయించండి.

చాలామంది ర్యాంపు పెట్టగానే మెట్లను పూర్తిగా మూసేస్తారు. అది పొరపాటు. కాలిపర్లు, చంకకర్రలతో నడిచేవాళ్లకు పొడవాటి వాలు కన్నా కమ్మీ ఉన్న రెండు మెట్లే నయం. చేతుల మీద ఆనుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. మే నెల ఎండలో అల్యూమినియం పలకా, నల్ల బండా రెండూ అరచేతుల్ని కాలుస్తాయి. ర్యాంపు మీద రేకుల నీడ వేయించడం ఏ కిట్‌లోనూ ఉండదు, మా లెక్కలో మాత్రం అది తప్పనిసరి.

చూపులేనివాళ్లకు కాలి స్పర్శతో దారి చెప్పే పసుపు టైల్స్‌లో రెండు రకాలు. గీతల టైలు ‘ఇటు నడువు’ అంటుంది, చుక్కల టైలు ‘ఆగు, ముందు ఏదో ఉంది’ అంటుంది. తాపీ మేస్త్రీకి ఈ తేడా చెప్పకపోతే అందంగా ఉందని దారంతా చుక్కలే పరుస్తాడు. అప్పుడు చూపులేని మనిషికి ప్రతి అడుగూ హెచ్చరికే. చుక్కలు మెట్టుకు 300 మి.మీ. ముందు, మలుపు దగ్గర, దారి చీలే చోట మాత్రమే ఉండాలి. దారికి అటూ ఇటూ 600 మి.మీ. మేర పూలకుండీలు, సెక్యూరిటీ కుర్చీ, చెప్పుల స్టాండు ఉండకూడదు.

కిట్‌లో వచ్చే అంటించే టైల్స్ మన బండల మీద ఎక్కువ కాలం ఆగవు. నున్నటి బండకు జిగురు సరిగా పట్టదు, రోజూ ఫినాయిల్ నీళ్లతో తుడిచే తడి అంచుల కింద దూరుతుంది. ఒక మూల లేచిందంటే అదే కాలికి తట్టుకునే అడ్డంకి. బయట దారికి సిమెంటు టైల్స్ తీసుకుని, బండను కోసి గుంతలో కూర్చోబెట్టండి. టైలు పలక పైతలం నేలతో సమంగా ఉండి, చుక్కలూ గీతలూ మాత్రమే పైకి తేలాలి. బండ పైన అలాగే పరిస్తే టైలు మందమే కొత్త మెట్టవుతుంది. నల్ల కడప బండ మీద పసుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లేత రంగు బేతంచెర్ల బండ మీద అంత తేలదు. అక్కడ పసుపుకు రెండు వైపులా నల్ల పట్టీ వేయించాలి. కడప బండను యాసిడ్‌తో కడగొద్దు. సున్నపురాయి కాబట్టి పొంగి, పాలిపోయి ఆ నలుపు కాస్తా పోతుంది. లోపల ఒకే గది ఉన్న మ్యూజియానికి టైల్స్ అక్కర్లేదు, చక్రాలకు కుదుపు తప్ప ఒరిగేదేం లేదు.

కిట్‌లో అన్నిటికన్నా నాసిరకం బ్రెయిలీ బోర్డు. యూవీ ప్రింటుతో పోసిన చుక్కలు గరుకుగా ఉంటాయి, కొన్నాళ్లకు గోరు తగిలి రాలతాయి. కాగితం మీద పొడిచి లామినేట్ చేసినవి అణిగిపోతాయి. యాక్రిలిక్ పలకలో రంధ్రాలు చేసి చిన్న గుండ్లు దిగగొట్టే రకం అడగండి. గోడకు నిలువుగా కొడితే చదివేవాళ్ల మణికట్టు వంగి నొప్పెడుతుంది. నడుము ఎత్తున, రాతబల్లలా వాలుగా బిగించాలి. స్టీలు పలకైతే కిటికీ ఎండ తగలని చోట పెట్టాలి.

అసలు చిక్కు పాఠం దగ్గర వస్తుంది. మన డీటీపీ సెంటర్లలో తెలుగు ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు. అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగా గుర్తించే పద్ధతి) కాదు. ఆ ఫైలును బ్రెయిలీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అర్థం లేని చుక్కలు వస్తాయి, చూపున్నవాళ్లకు తేడా తెలియదు కాబట్టి అలాగే బోర్డెక్కుతుంది. యూనికోడ్‌లో కొట్టించి, బ్రెయిలీ చదవగలిగినవాళ్ల చేత వేలితో చదివించి, ఆ తర్వాతే ఆర్డర్ ఇవ్వండి. తెలుగు బ్రెయిలీలో గుణింతపు గుర్తులుండవు, హల్లు పక్కన అచ్చు వేస్తారు. ‘కి’ అంటే రెండు గళ్లు (ఒక్కో గడి ఆరు చుక్కల చోటు). అడ్డంగా పెట్టిన ఏ4 పలక మీద అంచులు వదిలితే వరుసకు సుమారు 42 గళ్లు, 17 వరుసలు పడతాయి. అంటే కొన్ని వాక్యాలే. శాసనం బోర్డు మీదున్న పాఠమంతా ఎక్కించబోకుండా ఏ ఊరిది, ఎవరిది, ఎప్పటిది, ఏముంది అని కొత్తగా రాయాలి. ఆ పక్కనే పెద్ద అక్షరాలు, మెరుపు లేని కాగితం మీద. చూపు మసకగా ఉన్నవాళ్లు బ్రెయిలీ చదివేవాళ్ల కన్నా చాలా ఎక్కువ.

కిట్‌లో లేనిది, ఉండాల్సింది తాకే నమూనా. రేనాటి చోళుల నాటి, క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనంలోంచి రెండు పంక్తులు బండ మీద చెక్కిస్తే ఎంత వివరణ రాసినా చెప్పలేనిది వేలికి అందుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి అశోక శాసనం ఇంకా మంచిది. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. నిమ్మలకుంట తోలుబొమ్మ ఒకటి బల్ల మీద పెట్టినా చాలు, చిల్లులే నగలై చేతికి తెలుస్తాయి. చేతి జిడ్డుకు పాడైతే మరొకటి తెచ్చుకోవచ్చు. త్రీడీ ప్రింటు చేయిస్తే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దనండి. సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారులో తెస్తే దారిలోనే వంగొచ్చు.

ఫోన్‌తో స్కాన్ చేస్తే వివరణ వచ్చే క్యూఆర్ స్టిక్కర్లు చవక, కాబట్టి పెట్టుకోండి. చుట్టూ తడిమితే తెలిసే అంచు ఉండాలి, అన్ని ప్రదర్శన పెట్టెలకూ ఒకే చోట ఉండాలి. వినపడనివాళ్లకు ఆడియో ఒక్కటే పెడితే ప్రయోజనం లేదు, భారతీయ సంజ్ఞా భాష వీడియో, తెలుగు అక్షరాలు కలిపి పెట్టండి.

టాయిలెట్ ఈ కిట్ జాబితాలోనే లేదు. తలుపు ఖాళీ 900 మి.మీ. ఉండాలి, అది బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తోయలేం. చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలకు వేరే చోటు చూడండి, తాళంచెవి టికెట్ బల్ల మీదే ఉంచండి.