వెయ్యి పాయింట్ల ఆటా, బంతి లేని ఆటా?

శ్రీకాకుళంలో మా డిగ్రీ విద్యార్థులకు ఈ నెల ఏ సినిమా చూపించాలన్న విషయంలో నాకూ, నా సహాధ్యాపకుడికీ వారం రోజులుగా వాదన తెగలేదు. ఆయన ఇటలీ నటుడు, దర్శకుడు రోబెర్తో బెనీనీ తీసిన ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ (1997) అంటారు. నేను మారిటానియా దర్శకుడు అబ్దెర్రహ్మాన్ సిస్సాకో ‘టింబక్టు’ (2014) అంటాను. చిత్రమేమిటంటే, రెండింటి ప్రాణమూ ఒక ఆటలోనే ఉంది.

మొదటిదానిలో నాజీ శిబిరంలో చిక్కుకున్న తండ్రి, అదంతా పోటీ అనీ, వెయ్యి పాయింట్లు సాధించినవారికి నిజమైన యుద్ధట్యాంకు బహుమతి అనీ కొడుకును నమ్మిస్తాడు. తనను చంపడానికి తీసుకుపోతున్నప్పుడు కూడా, దాక్కున్న పిల్లవాడు చూస్తున్నాడని తెలిసి, నవ్వు పుట్టేలా కవాతు అడుగులు వేస్తాడు. ఆ ఘట్టంలో కళ్ళు చెమర్చనివారు అరుదు. అయినా అక్కడి ఆశ అంతా ఒక్క మనిషి చమత్కారం మీద, అదీ నిజం దాగినంతసేపే నిలుస్తుంది.

‘టింబక్టు’లో దాచడానికేమీ లేదు. 2012లో పశ్చిమాఫ్రికా దేశమైన మాలీలో, టింబక్టు పట్టణమున్న ఉత్తర ప్రాంతాన్ని సాయుధ మతతీవ్రవాదులు ఆక్రమించి, సంగీతాన్నీ ఫుట్‌బాల్‌నూ నిషేధించిన నాటి కథ అది. కుర్రాళ్ళు బంతి లేకుండానే ఆడతారు: లేని బంతిని తన్నుతారు, గోలు పడిందని గంతులు వేస్తారు, తుపాకులవాళ్ళు కనబడగానే కసరత్తు చేస్తున్నట్టు నటిస్తారు. ఆటను నిషేధించినవాళ్ళే మరోచోట ఫుట్‌బాల్ ఆటగాళ్ళ గురించి వాదించుకుంటారు. మసీదులోకి ఆయుధాలతో వచ్చినవారిని ఇమాము శాంతంగానే బయటికి పొమ్మంటాడు. చేతులకు తొడుగులు వేసుకోమంటే, అలా చేపలు కడిగేదెలాగని, కావాలంటే చేతులే నరకమని చేపలమ్మే స్త్రీ ఎదురు తిరుగుతుంది. కళింగపట్నం వైపునుంచి తట్ట నెత్తిన పెట్టుకొని వచ్చే మా చేపలమ్మా అదే మాట అంటుందని నా నమ్మకం.

ఇక్కడ ఆశ ఊరంతటిదీ. అందుకే నా ఓటు దీనికి.

పదేళ్ళ పిల్లలకైతే ఆయన సినిమాయే తగినదని ఒప్పుకుంటాను. ‘టింబక్టు’ నడక నిదానం. పైగా చివర ఎవరూ వచ్చి రక్షించరు, తల్లిదండ్రులను పోగొట్టుకున్న పసిపిల్ల ఇసుకలో పరుగెడుతూనే ఉంటుంది. ఆయన అభ్యంతరం కూడా సరిగ్గా అదే. అయితే నిన్న సాయంత్రం ఆ బంతి లేని ఆటను మాత్రం ఆయన రెండుసార్లు వెనక్కి తిప్పి చూశారు.