ఇద్దరి ఫిల్టరు, ఒక్కడి కాఫీ

మే నెలలో మా ఆవిడ అమ్మాయి పురిటికి డాలస్ వెళ్ళింది. వెళ్ళేముందు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించింది. గ్యాస్ బుకింగు నంబరు, పాలవాడి లెక్క, ఏ డబ్బాలో ఏ పప్పు ఉందో అన్నీ రాసింది. కాఫీ ఎలా పెట్టుకోవాలో మాత్రం రాయలేదు. ముప్పై నాలుగేళ్ళుగా రోజూ తాగుతున్న మనిషికి అది కూడా చెప్పాలా అనుకుని ఉంటుంది.

మా ఇంట్లో ఉన్నది ఆరుగురి ఫిల్టరు. నేను ఒక్కణ్ణే కదా అని రెండు చెంచాల పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి, పేపరు తెచ్చుకుందామని గుమ్మం దాకా వెళ్ళొచ్చేసరికి నీళ్ళన్నీ కిందికి దిగిపోయాయి. రంగు చూస్తే చింతపండు పిసికిన నీళ్ళలా ఉంది. పొడి బాగోలేదనుకుని కొట్టు మార్చాను. పాలు పలచన అనుకుని పాలవాడితో ఓ మాట అన్నాను కూడా, పాపం. వారం రోజులకి గానీ అసలు సంగతి బోధపడలేదు. వెడల్పాటి గిన్నెలో కొంచెం పొడి వేస్తే పలచగా పరుచుకుంటుంది, నీళ్ళకి అడ్డేముంది? పొడి మందంగా ఉంటేనే నీళ్ళు నింపాదిగా దిగుతూ సారం తెచ్చుకుంటాయి. పోనీ ఆరుగురికీ సరిపడా ఒకేసారి వేసేసి రోజంతా తాగుదామంటే, మధ్యాహ్నానికే డికాషన్‌లో వాసన పోయి చేదు మిగులుతోంది.

అందుకని చిన్న ఫిల్టరు కొన్నాను. దాని గురించే ఈ రాత.

మొదట ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫొటోలో బంగారంలా మెరిసింది. వచ్చాక చూస్తే పై గిన్నె అడుగున సగం చిల్లులు పూర్తిగా పడనే లేదు, సూదితో గీసినట్టు గుర్తులు ఉన్నాయంతే. గంటన్నర ఆగినా చుక్క పడలేదు. తిప్పి పంపేశాను. ఆ తర్వాత కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళాను.

"ఎంతమందికండి?" అన్నాడు కొట్టాయన.

"ఒక్కడికే."

"ఒక్కళ్ళకి రాదండి. ఇద్దరిదే అన్నిటికన్నా చిన్నది."

నాలుగు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్క పై గిన్నెనీ ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకుని, కన్ను ఆనించి చూసి, రెండు పక్కన పెట్టేశాడు. చిల్లులన్నీ ఒకే తీరుగా మెరిస్తేనే తీసుకోవాలట. అరవై మూడేళ్ళు వచ్చాక నేర్చుకున్నాను ఈ విద్య. నాలుగు వందల ఇరవై రూపాయలు. ఇత్తడివి కూడా ఉన్నాయి, చూడముచ్చటగానే ఉన్నాయి, కానీ కళాయి పోయినప్పుడల్లా పూత పెట్టేవాణ్ణి వెతుక్కోవడం ఈ రోజుల్లో నావల్ల కాదు.

కొన్న మొదటి రెండు రోజులు డికాషన్ కాస్త ఇనుము వాసన వేసింది. పారబోశాను. మూడో రోజు నుంచి బాగుంది. మూడు చెంచాల పొడి నిండుగా వేసి, మధ్యలో కాడ ఉన్న ఆ చిల్లుల బిళ్ళతో మెల్లిగా అదమాలి. గట్టిగా అదిమితే అంతే సంగతులు, నీళ్ళు పైనే కూర్చుంటాయి. పొంగే నీళ్ళు కాకుండా, దింపి ఒక్క క్షణం ఆగి పోయాలి. ఒక్కోసారి కింది గిన్నె మరీ బిగుసుకుపోయి, లోపలి గాలి బయటికి రాక చుక్కలు ఆగిపోతాయి. అప్పుడు పై గిన్నెని గుడ్డతో పట్టుకుని కొంచెం కదిపితే మళ్ళీ మొదలవుతుంది. గుడ్డ తప్పనిసరి, నా బొటనవేలు సాక్షి. నెలకోసారి పై గిన్నె అడుగుని మంట మీద కాసేపు చూపించి, చల్లారాక రాయి మీద తట్టి దులిపితే చిల్లుల్లో ఇరుక్కున్న పొడి ఊడిపోతుంది.

పొడి సంగతి. కాఫీకి చికోరీ అనే వేరు పొడి కలిపి అమ్మితే, మన చట్టం ప్రకారం అందులో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. చాలా ప్యాకెట్ల మీద ఈ లెక్క ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందంటే, కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాలి. నేను మర పట్టే కొట్లో ఎనభైకి ఇరవై పాళ్ళలో కలిపించుకుంటున్నాను. మధ్యలో అరకు కాఫీ కూడా ప్రయత్నించాను, చికోరీ లేనిది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన మన్యం గిరిజనులు మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన పండించే గింజ అది. వాసన గొప్పగా ఉంది. కానీ చికోరీకి అలవాటుపడ్డ నా నాలుకకి పలచగా తోచింది. తప్పు కాఫీది కాదు.

డికాషన్ దిగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మొదట్లో ఆ ఇరవై నిమిషాలూ చిరాకుగా ఉండేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాఫీ అంటే పేపరుతో పాటు చేతికొచ్చే గ్లాసే గానీ, అది ఎక్కడి నుంచి, ఎంతసేపటికి వస్తుందో నాకేం తెలుసు? ఇప్పుడు వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటున్నాను. చెవి దగ్గర పెడితే చుక్క పడే చప్పుడు వినిపిస్తుంది. సరిగ్గా ఆరున్నరకి ఆవిడ ఫోను. అక్కడ రాత్రి ఎనిమిది. మనవరాలి పాల సంగతులు, అల్లుడు కూర మాడ్చిన సంగతులు అయ్యాక, మొన్న ఈ ఫిల్టరు గురించి చెప్పాను. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవడం ఇంత బాగుంటుందని తెలియదోయ్ అన్నాను.

ఆవిడ నవ్వింది. "నాకు తెలుసండీ. మిమ్మల్ని లేపేముందు రోజూ మొదటి డికాషన్‌తో అరగ్లాసు కలుపుకుని, పెరట్లో మెట్టు మీద కూర్చుని ఒక్కదాన్నే తాగేదాన్ని. ఆ తర్వాతే మీకు."

"మరి నాతో తాగేది?"

"అది రెండోది."

ముప్పై నాలుగేళ్ళు! నాకు తాగించింది ఏ డికాషనో అడిగే ధైర్యం రాలేదు.

ఇంతకీ ఫిల్టరు కొనొచ్చా అంటే, కొనొచ్చు. ఇద్దరిది అంటారు గానీ, మా ఇంటి గ్లాసులకి ఒకటిన్నర వస్తుంది. మూత వదులు. మిగతాదంతా బాగుంది, అయిదుకి నాలుగు ఇస్తాను. ఆవిడ నవంబరులో వస్తోంది. ఆరుగురి ఫిల్టరు అటక ఎక్కించి, ఇది తోమి పొయ్యి పక్కన పెడతాను. పొద్దున్నే మెలకువ వచ్చినా, ఆవిడ లేపేదాకా దుప్పటి తీయను.