కేడెన్‌లైవ్‌తో ఆరేళ్లు: డిజాల్వ్ మధ్యలో ఆ మసక ఎక్కడిది?

పెళ్లి వీడియోల మిక్సింగ్ సెంటర్‌లో నాలుగేళ్లు పనిచేసి బయటికొచ్చినవాణ్ణి, ఎగిరే గులాబీలూ గిరగిర తిరిగే ఫొటోలూ లెక్కలేనన్ని వేశాను, అందుకే కేడెన్‌లైవ్ అనే ఈ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిగతా ఫీచర్ల జోలికి పోకుండా ఒక్క విషయమే చెబుతా: ఒకదాని మీద ఒకటి పేర్చిన క్లిప్పుల మధ్య మార్పు కంటికి తగలకుండా వస్తుందా, రాదా. వస్తుంది. కాకపోతే ఎక్కడ పాడవుతుందో అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది, అందులో తప్పంతా నాదే.

నేను మొదలుపెట్టిన కొత్తలో ఒకే ట్రాక్‌లో, అంటే క్లిప్పులు పేర్చే ఒకే వరసలో, పక్కపక్కన ఉన్న రెండు క్లిప్పులకు నేరుగా డిజాల్వ్ (ఒక బొమ్మ కరుగుతూ ఇంకోటి రావడం) వేసే వీలు లేదు. ఒకటి పైట్రాక్‌లో, ఒకటి కింది ట్రాక్‌లో మెట్లలాగా పెట్టి, కొసలు ఒకదానిమీదకొకటి వచ్చేలా జరిపి, ఆ మధ్యలో రెండు ట్రాక్‌ల బొమ్మల్ని కలిపే కంపోజిషన్ పెట్టేవాళ్లం. 2020 డిసెంబర్‌లో 20.12 వెర్షన్ వచ్చాక ఆ మెట్ల పని తప్పింది. ఇప్పుడు క్లిప్ ఎంచుకుని కీబోర్డులో యూ నొక్కితే మిక్స్, అంటే ఒకే ట్రాక్‌లోనే డిజాల్వ్, పడుతుంది. ఒక్కటే షరతు, రెండు క్లిప్పుల కొసల్లోనూ కత్తిరించగా మిగిలిన ఫుటేజ్ ఉండాలి. లేకపోతే మిక్స్ చేయడానికి అక్కడ బొమ్మేదీ? అందుకే కెమెరా తమ్ముళ్లకు ప్రతి షాట్‌కీ ముందూ వెనకా రెండేసి సెకన్లు వదలమని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

అసలు గొడవ పొరల దగ్గర. ఒకసారి జీలకర్ర బెల్లం ఘట్టం. కింద వీ1లో, అంటే అడుగు వీడియో ట్రాక్‌లో, మసకబార్చిన మండపం, దాని మీద వీ2లో పెళ్లికొడుకు ముఖం, వీ3లో పెళ్లికూతురు ముఖం, రెండూ ఒకే ఫ్రేమ్ సైజులో ఒకేచోట. ఆమె ముఖం కరిగి అతని ముఖం రావాలి. పైదానికి మెల్లగా మాయమయ్యే ఫేడ్ అవుట్, కిందిదానికి మెల్లగా తేలే ఫేడ్ ఇన్ ఇచ్చి, బాగానే ఉందనుకుని రెండర్ చేసి పంపించేశాను. పెళ్లికూతురి వాళ్లమ్మ ఫోన్ చేసి, "బాబూ, అక్కడ మా అమ్మాయి ముఖం మీద కరెంటు పోయొచ్చినట్టుందేంటి?" అని అడిగింది. పదిసార్లు చూశాక గానీ నాకు కనబడలేదు, ఆమెకు మొదటిసారే కనబడింది.

తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నా. సరిగ్గా మధ్యలో పై క్లిప్ 50 శాతం ఉంటుంది. మిగిలిన 50లో కింది క్లిప్ సగమే పూడుస్తుంది, అంటే 25. ఇక ఆ చివరి 25 శాతంలోంచి మండపం తొంగిచూస్తుంది, అడుగున ఏమీ లేకపోతే నలుపే. అంటే రెండిటికీ ఫేడ్ ఇవ్వడమే తప్పు. కింది క్లిప్‌ను ముందునుంచే నిండుగా ఉంచి, పైదాన్ని మాత్రమే కరిగించాలి. అంతే, మసక పోయింది. ఆ ఫేడ్ నలుపులోకి కాకుండా పారదర్శకంలోకి పోయేలా పెట్టుకోవాలి, ఇది మర్చిపోతే మళ్లీ మొదటికే వస్తుంది. ఇదేమీ కేడెన్‌లైవ్ ప్రత్యేకత కాదు లెండి, పొరలు పేర్చే ఏ ఎడిటర్‌లోనైనా ఇదే లెక్క.

డిజాల్వ్ నిడివి సంగతి: సెకనుకు 25 ఫ్రేముల ప్రాజెక్టులో తలంబ్రాల్లాంటి హుషారు ఘట్టానికి 8 నుంచి 12 ఫ్రేములు చాలు, అప్పగింతలకు సెకనున్నర దాకా లాగొచ్చు. సౌండ్‌కు మాత్రం బొమ్మకంటే కాస్త ముందే మొదలుపెట్టి కాస్త ఆలస్యంగా ముగిస్తా, సన్నాయి ఒక్కసారిగా తెగితే ఎంత మంచి డిజాల్వ్ అయినా వృథా.

నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ. 4కే క్లిప్పులు మూడు పొరలు వేస్తే ప్లే చేయడం కష్టం, కాబట్టి ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే తేలికపాటి నకళ్లు) ఆన్ చేసి, ట్రాన్సిషన్ ఉన్న ముక్కకు మాత్రం షిఫ్ట్ ఎంటర్‌తో ప్రివ్యూ రెండర్ చేసుకుంటా, అంటే ఆగకుండా ఆడేలా ఆ ముక్కను ముందే తయారుచేసి పెట్టుకోవడం. ఆగి ఆగి ఆడే ప్లేబ్యాక్ చూసి ట్రాన్సిషన్ బాగుందో లేదో తేల్చకండి, నేనలా తేల్చి చాలావాటిని అనవసరంగా తిరగరాశాను.

ఉచితం, ఓపెన్ సోర్స్, ఇంత పని చేస్తుంది. అయితే మిక్స్ వేరు, కంపోజిషన్ వేరు, ఎఫెక్ట్‌గా వచ్చే ఫేడ్ వేరు, ఈ మూడూ ఎప్పుడేది వాడాలో కొత్తవాళ్లకు మొదటి నెల తల తిరుగుతుంది. ఐదుకు నాలుగు ఇస్తా.

మా బావ ఇంకా ఆ సెంటర్‌లోనే ఉన్నాడు. ఇదంతా చూపిస్తే, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, గుండె ఆకారం ఉందా ఇందులో?" అన్నాడు. అతను అడిగింది వైప్, అంటే ఏదో ఒక ఆకారంలో తెరుచుకుంటూ ఒక బొమ్మ పోయి ఇంకోటి రావడం. దాని లోపల ఉండేది ఒక బూడిదరంగు బొమ్మే, దానిలో నలుపు ఉన్నచోటికీ తెలుపు ఉన్నచోటికీ మార్పు ఒకేసారి కాకుండా వరసగా వస్తుంది. మధ్యలో నల్లగా, అంచులకు పోయేకొద్దీ తెల్లగా ఒక గుండె గీసి, అంచులు మెత్తబడేలా సాఫ్ట్‌నెస్ పెంచి ఇచ్చాను. మరుసటి వారమే ఓ రిసెప్షన్ వీడియోలో పదిహేడుసార్లు వాడాడు.