‘ఐ5’ స్టిక్కర్ చూసి పాత సెట్ కొనకండి: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వాళ్లకు జాగ్రత్త

మన వైపు పాత కంప్యూటర్ సెట్లు అమ్మేవాళ్లు ఒకే మాట పట్టుకున్నారు: "ఐ3 కన్నా ఐ5 పెద్దది కదా బాబూ, రెండు వేలు ఎక్కువైతే ఏటి?" ఐ3, ఐ5 అంటే కంప్యూటర్‌కి మెదడు లాంటి ఇంటెల్ ప్రాసెసర్ చిప్పుల పేర్లు. ఆ రెండు వేలు పోసి ఇంటికి తెచ్చుకున్న డబ్బా చాలాసార్లు పక్కన ఉన్న ఐ3 కన్నా నెమ్మదిగా నడుస్తుంది. అమ్మినవాడు చెప్పింది అబద్ధం కాదు, అది ఐ5యే. కాకపోతే 2010 నాటి ఐ5.

ఎక్కువగా అంటగడుతున్నది ఐ5-650. దాని పక్కన తక్కువ ధరకే దొరికేది ఐ3-4130. గీత తరవాత ఉన్న అంకెలే అసలు సంగతి. మూడే అంకెలుంటే మొదటి తరం. నాలుగు అంకెలుంటే మొదటి అంకె తరం చెబుతుంది, అంటే 4130 నాలుగో తరం. ఐ5-650 వచ్చింది 2010 జనవరిలో, ఐ3-4130 వచ్చింది 2013 సెప్టెంబరులో. మధ్యలో రెండు తరాలు దాటిపోయాయి.

ఇప్పుడు కోర్ల సంగతి, అంటే చిప్పులో నిజంగా పనిచేసే భాగాలు. ఐ5 అనగానే నాలుగు కోర్లు అనుకుంటాం. 650లో ఉన్నవి రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, అంటే ఒక్కో కోర్ విండోస్‌కి రెండుగా కనిపిస్తుంది. 4130లోనూ అంతే. కొట్టులో డివైస్ మేనేజర్ తెరిచి, ప్రాసెసర్స్ అన్న చోట ఒకే పేరు నాలుగు వరుసల్లో కనిపించేది చూపించి "చూసుకోండి, నాలుగు కోర్లు" అంటారు. అవి థ్రెడ్లు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కితే కింద ‘కోర్స్ 2, లాజికల్ ప్రాసెసర్స్ 4’ అని విడివిడిగా ఉంటుంది. మొదటి అంకె చూడండి, రెండోది కాదు.

కోర్లు సమానమైనా వేగం ఎందుకు తేడా? 650 గరిష్ఠంగా 3.46 గిగాహెర్ట్జ్‌కి వెళ్తుంది, 4130 ఎప్పుడూ 3.4లోనే ఉంటుంది. కాగితం మీద 650దే పైచేయి. కానీ ఒక్కో గిగాహెర్ట్జ్‌లో హాస్వెల్ (4130 ఉన్న నాలుగో తరం పేరు) చేసే పని చాలా ఎక్కువ. పైగా 650లో కోర్లు ఒక ముక్క మీద, ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్, గ్రాఫిక్స్ ఇంకో ముక్క మీద ఉంటాయి. చిప్పు మూత కింద రెండు సిలికాన్ ముక్కలు పక్కపక్కనే అతికించినట్టు. ర్యామ్‌కి పోయి వచ్చే దారి పొడుగైంది. అన్నీ కలిపితే ఒక్క కోర్ మీద నడిచే పనిలో 4130 సుమారు ఒకటిన్నర రెట్లు వేగం. బ్రౌజర్, ట్యాలీ, ఆన్‌లైన్ ఫారాలు, అన్నీ ఎక్కువగా ఆ ఒక్క కోర్ మీదే ఆధారపడతాయి. కరెంటు లెక్క కూడా ఉంది: 650ది 73 వాట్లు, 4130ది 54. పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచే జెరాక్స్, ఆన్‌లైన్ సెంటర్లకి ఇది పట్టించుకోవాల్సిన తేడాయే.

చదువుకునే పిల్లలకి ఇంకో దెబ్బ ఉంది. 650లో ఏవీఎక్స్ అనే ఆదేశాల వరుస లేదు. 4130లో ఏవీఎక్స్, ఏవీఎక్స్2 రెండూ ఉన్నాయి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మోంగోడీబీ 5.0 నుంచి ఏవీఎక్స్ లేనిదే నడవదు. మెషిన్ లెర్నింగ్‌కి వాడే టెన్సర్‌ఫ్లో 1.6 నుంచి సిద్ధంగా దొరికే ప్యాకేజీలదీ అదే తంతు. బీటెక్, ఎంసీఏ ప్రాజెక్టు కోసం కొంటే, ఇన్‌స్టాల్ అంతా సజావుగా అయిపోయి మొదలుపెట్టగానే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని పడిపోతుంది. విండోస్ మళ్లీ వేసినా పోదు. అది చిప్పులో లేని గుణం.

కొట్టులో వేగంగా కనిపించడానికి కారణం వేరు. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా చదివే డ్రైవ్) పెట్టి విండోస్ చకచకా తెరిపిస్తారు. ఆ ఘనత ఎస్‌ఎస్‌డీది. పైగా 650 కూర్చునే హెచ్55 బోర్డులో (హెచ్55, హెచ్81 అన్నవి బోర్డు మీది ముఖ్య చిప్పు, అంటే చిప్‌సెట్ పేర్లు) డ్రైవ్ తగిలించే సాటా దారి సెకనుకి 3 గిగాబిట్ దగ్గరే ఆగుతుంది, అదే ఎస్‌ఎస్‌డీ అక్కడ సెకనుకి 270 ఎంబీ చుట్టుపక్కలే చదువుతుంది. 4130 కూర్చునే హెచ్81 బోర్డులో రెండు సాటా పోర్టులు 6 గిగాబిట్‌వి ఉంటాయి, అక్కడ 500 దాటుతుంది. యూఎస్‌బీ 3 కూడా హెచ్55 చిప్‌సెట్‌లో లేదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ రెండు చిప్పులూ లేవు, ఇంటెల్‌లో అది దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. ‘విండోస్ 11 సపోర్ట్’ అని ఎవరైనా చెబితే అడ్డదారిలో వేసిందే. విండోస్ బదులు వేసుకునే లైనక్స్ రెండింటిలోనూ బాగానే నడుస్తుంది.

ర్యామ్ దగ్గర చేతులు కాల్చుకునేవాళ్లు ఎక్కువ. 650 ఒక్కో స్లాట్‌కి 4 జీబీ వరకే తీసుకుంటుంది, అదీ రెండు వైపులా కలిపి 16 నల్ల చిప్పులున్న స్టిక్ అయితేనే. ఒక వైపే 8 చిప్పులున్న 4 జీబీ స్టిక్ పెడితే సగమే చూపిస్తుంది, లేదా తెర నల్లగానే ఉంటుంది. 8 జీబీ స్టిక్ అసలు పనికిరాదు. రెండు స్లాట్ల బోర్డు అయితే 8 జీబీతో సరి, తరవాత పెంచుకుంటాం అన్న ఆశ వదులుకోవాలి. హెచ్81లో రెండు 8 జీబీ స్టిక్కులు పెట్టి 16 చేసుకోవచ్చు. మార్కెట్‌లో ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ బోర్డులకే పనికొచ్చే ‘ఏఎండీ ఓన్లీ’ డీడీఆర్3 (ఈ బోర్డుల్లో పడే ర్యామ్ రకం) స్టిక్కులు కూడా చవగ్గా తిరుగుతున్నాయి. ఇవి ఇంటెల్ బోర్డుల్లో పనిచేయవు, స్టిక్కర్ చదవకుండా తీసుకోకండి.

బోర్డు ‘కొత్తది, డబ్బా ప్యాక్’ అన్నా పొంగిపోనక్కర్లేదు. హెచ్55, హెచ్61 చిప్‌సెట్లను పాత బోర్డుల నుంచి ఊడదీసి కొత్త పలక మీద అతికించినవి చాలా వస్తున్నాయి. పేరూ ఊరూ ఉండదు, బయోస్ (బోర్డును మొదలుపెట్టే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ దొరకదు.

కొనేముందు పెన్ డ్రైవ్‌లో సీపీయూ-జెడ్ అనే, ప్రాసెసర్ వివరాలు చూపే చిన్న సాఫ్ట్‌వేర్ పట్టుకెళ్లండి. ఇన్‌స్టాల్ అక్కర్లేని జిప్ రూపం దొరుకుతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో కనిపించే ప్రాసెసర్ పేరును మార్చి రాసేవాళ్లు ఉన్నారు, కాబట్టి దాన్ని నమ్మొద్దు. సీపీయూ-జెడ్ చిప్పునే అడిగి చెబుతుంది. కోడ్ నేమ్ దగ్గర ‘క్లార్క్‌డేల్’, ప్యాకేజ్ దగ్గర 1156 అని ఉంటే అది మొదటి తరం. ‘హాస్వెల్’, 1150 అని ఉంటే నాలుగోది. మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో చిప్‌సెట్ కూడా చూడండి.

తరవాత 7-జిప్‌లో టూల్స్ కింద ఉండే బెంచ్‌మార్క్‌ని పది నిమిషాలు వదిలేయండి. ఇంకో పక్క హెచ్‌డబ్ల్యూ మానిటర్ తెరిచి వేడి చూడండి. 80 డిగ్రీలు దాటి పోతుంటే చిప్పుకీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయింది, లేదా కూలర్ నాలుగు ప్లాస్టిక్ మేకుల్లో ఒకటి విరిగి కూలర్ ఒక మూల లేచి ఉంది. డబ్బా మూత తీయించి వేలితో మెల్లగా కదిపితే తెలిసిపోతుంది. ఎలాగూ మూత తీశారు కాబట్టి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) లేబుల్ కూడా చదవండి. పైన ‘450 వాట్’ అని పెద్ద అక్షరాలుంటాయి, 12 వోల్టుల వరుసలో 14 ఆంపియర్లే ఉంటే అక్కడ దొరికేది 168 వాట్లు. కరెంటు ఎక్కువతక్కువలున్న చోట ముందు కాలేది అదే, పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోతుంది. ప్లగ్ తీసి పెట్టాక తేదీ వెనక్కి పోతే సీఆర్2032 బ్యాటరీ మార్చాలి. చిన్న ఖర్చే గానీ, తేదీ తప్పుగా ఉంటే సర్కారీ వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు.

రెండింటిలో ఏది అంటే 4130. ఆ బోర్డులోనే తరవాత నాలుగు కోర్ల ఐ5-4570 పడుతుంది, ర్యామ్ మార్చనక్కర్లేదు. 4590 కూడా పడుతుంది గానీ పాత బయోస్ ఉంటే గుర్తించదు, ముందు అప్‌డేట్ చేయాలి. 650 మాత్రం ఊరికే ఇస్తే, ఉత్త టైపింగ్‌కి తీసుకోవచ్చు.

రసీదు మీద ‘ఐ5 సెట్’ అని కాకుండా ‘ఐ5-650’ అనో ‘ఐ3-4130’ అనో పూర్తి నంబరు, బోర్డు చిప్‌సెట్, వారంటీ రోజులు రాయించండి. చిన్న కొట్టుకి జీఎస్టీ నంబరు లేకపోవచ్చు, పేరు, చిరునామా, సంతకం మాత్రం ఉండాలి. పార్వతీపురంలోనో విజయనగరంలోనో కొన్నాం, ఒడిశాలో ఉంటూ ఏం చేయగలం అనుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి. ఆ ఫోన్ చేసేటప్పుడు రసీదు, సీపీయూ-జెడ్ తెర ఫోటో చేతిలో ఉంచుకోండి.