లినక్స్‌పై చౌక రెయిడ్ కార్డులు: చెన్నై స్టూడియోలో ఏళ్ల వాడకం తర్వాత

చెన్నై వడపళనిలో మా బావగారు నడిపే పెళ్లి వీడియోల స్టూడియోలో ఫుటేజీని భద్రపరిచే పని 2013 నుంచి నాదే. పెద్ద స్టోరేజీ పెట్టెలు కొనే స్థోమత లేక, ఇన్నేళ్లూ డెబియన్ లినక్స్ మీద చౌక కార్డులతోనే నడుపుకొచ్చాను. రెయిడ్ అంటే పలు డిస్కులను ఒకటిగా కలిపి, ఒకటి పోయినా డేటా దక్కేలా రాసే పద్ధతి.

మొదట ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో నాలుగు పోర్టుల కార్డు ఒకటి కొన్నాను. అట్టపెట్టె మీద రెయిడ్ అని పెద్ద అక్షరాలతో ఉన్నా, అందులో రెయిడ్ లెక్కలు చేసే ప్రాసెసర్ గానీ క్యాష్ మెమరీ గానీ లేవు. బూట్ సమయంలో కార్డు బయోస్, ఆ తర్వాత డ్రైవర్ కలిసి ఆ పనిని కంప్యూటర్ ప్రాసెసర్‌తోనే చేయిస్తాయి. లినక్స్ వాడేవారు వీటిని ఫేక్ రెయిడ్ అంటారు. రెండేళ్లకు కార్డు పాడైంది. డిస్కులు నిక్షేపంగా ఉన్నా, అమరిక వివరాలు ఆ కార్డుకే తెలిసిన పద్ధతిలో రాసి ఉండటంతో వేరే కార్డు వాటిని గుర్తించలేదు. "డిస్కులు బాగానే ఉన్నాయంటున్నావు, మరి ఫుటేజీ ఎందుకు రాదు?" అని బావగారు అడిగారు. అదే చిప్ ఉన్న పాత కార్డు దొరికే వరకు, తొమ్మిది రోజుల పాటు ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను.

అప్పటి నుంచి కార్డుకు పోర్టులు ఇచ్చే పని మాత్రమే అప్పగించి, రెయిడ్‌ను లినక్స్ కీలక భాగమైన కెర్నెల్‌లోని ఎండీ అనే సాఫ్ట్‌వేర్ రెయిడ్ డ్రైవర్‌కు వదిలేశాను. 2017లో ఐబీఎం ఎం1015 కార్డును సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఎల్ఎస్ఐ ఎస్ఏఎస్2008 చిప్ మీద నడిచే ఈ కార్డుకు ఎనిమిది డిస్కులు తగిలించవచ్చు. దీనిలోని రెయిడ్ ఫర్మ్‌వేర్‌ను (కార్డు లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) చెరిపేసి, డిస్కులను ఉన్నవి ఉన్నట్టుగా చూపించే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. చెరిపే ముందు కార్డు వెనుక స్టిక్కర్ మీది ఎస్ఏఎస్ అడ్రసును (కార్డు గుర్తింపు సంఖ్య) కాగితం మీద రాసిపెట్టుకోండి, తర్వాత దాన్ని మళ్లీ ఎక్కించాల్సి ఉంటుంది. ఇంకొక మాట: ఈ చిప్‌ను సర్వర్ లోపలి బలమైన గాలిని లెక్కలో పెట్టుకుని తయారు చేశారు. మామూలు క్యాబినెట్‌లో, అందులోనూ చెన్నై మే నెలలో, హీట్‌సింక్ మీద వేలు ఆనించలేం. నేను 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ బిగించాకే నిశ్చింతగా ఉన్నాను.

అయితే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది కార్డు కాదు, డెస్క్‌టాప్ డిస్కులు. చదవలేని సెక్టార్ (డిస్కులో డేటా ఉండే చిన్న భాగం) ఎదురైతే అవి నిమిషానికి పైగా పట్టువదలక ప్రయత్నిస్తూనే ఉండవచ్చు, కెర్నెల్ మాత్రం మామూలుగా 30 సెకన్లే ఆగి లింకును రీసెట్ చేస్తుంది. ఆ గందరగోళంలో ఒక్క చెడ్డ సెక్టార్ కోసం మొత్తం డిస్కే అర్రే (రెయిడ్‌గా కలిపిన డిస్కుల సమూహం) నుంచి బయటపడుతుంది. నాకు ఇలా రెండుసార్లు జరిగింది. ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చదవలేని చోట డిస్కు ఎంతసేపు ప్రయత్నించాలో నిర్ణయించే) సదుపాయం ఉన్న డిస్కులకు స్మార్ట్‌సీటీఎల్ అనే ఆదేశంతో ఆ గడువును 7 సెకన్లుగా పెడితే, డిస్కు వెంటనే లోపాన్ని ఒప్పుకుంటుంది, ఎండీ మిగతా డిస్కుల నుంచి ఆ భాగాన్ని లెక్కగట్టి తిరిగి రాస్తుంది. ఆ సదుపాయం లేని డిస్కులకు కెర్నెల్ గడువునే 180 సెకన్లకు పెంచాను. కరెంటు పోయి వస్తే ఈఆర్‌సీ అమరిక పోవచ్చు కాబట్టి, రెండింటినీ బూట్ స్క్రిప్టులో పెట్టుకోవాలి.

డెబియన్ ప్రతి నెలా మొదటి ఆదివారం అర్రేను ఆసాంతం తనిఖీ చేస్తుంది. ఆదివారం ముహూర్తాల ఫుటేజీ కాపీ అయ్యే వేళకు ఇది అడ్డు వచ్చేది, అందుకే ఎవరూ పెళ్లి పెట్టుకోని మంగళవారానికి మార్చాను.

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 అనే మరో లినక్స్ రకంలో ఎం1015లోని చిప్‌కు మద్దతు తీసేశారు, డెబియన్‌లో మాత్రం ఎంపీటీ3ఎస్ఏఎస్ డ్రైవర్‌తో నడుస్తోంది. డిస్ట్రో (ఏ లినక్స్ రకం అన్నది) ఎంచుకున్నాకే కార్డు కొనడం మంచిది.

2021లో మదర్‌బోర్డు పోయింది. రెయిడ్ 6లో (రెండు డిస్కులు పోయినా డేటా దక్కే అమరిక) ఉన్న ఆరు 4 టీబీ డిస్కులను, వరుస కూడా చూసుకోకుండా, ఎడిటింగ్ కంప్యూటర్ మదర్‌బోర్డు పోర్టులకే తగిలించి, ఎండీని నడిపే ఎండీఆడమ్ ప్రోగ్రామ్‌కు అసెంబుల్ (డిస్కులను తిరిగి అర్రేగా కలిపే) ఆదేశం ఇచ్చాను. అర్రే స్థితి చూపే ఎండీస్టాట్‌లో, డిస్కు బాగుందని చెప్పే యూ అక్షరాలు ఆరూ వరుసగా కనబడ్డాయి. ఆ రాత్రే బావగారు ఎడిటింగ్‌కు కూర్చున్నారు.