మూడేళ్ల సిస్‌మాన్: అడ్డుకోదు, అన్నీ రాసి పెడుతుంది

విశాఖ పోర్టుకు దగ్గరలోని ఒక క్లియరింగ్ ఏజెన్సీలో 40 కంప్యూటర్ల బాగోగులు నావి. వాటిలో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌మాన్ అనే నిఘా ప్రోగ్రామ్‌ను పెట్టి మూడేళ్లు దాటింది. 2012లో ఇక్కడి తూర్పు నౌకాదళ కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవ్‌ల ద్వారా గూఢచారి ప్రోగ్రామ్ చేరిందని పత్రికల్లో చదివినవాళ్లం కాబట్టి, నెలల తరబడి చడీచప్పుడు లేకుండా తిష్ఠవేసే చొరబాటుదారుల సంగతి మాకు కొత్త కాదు. అటువంటివారు తరచూ విండోస్‌తోనే వచ్చే, కమాండ్లు నడిపే పవర్‌షెల్ వంటి వాటితో పని కానిచ్చుకుంటారు కనుక, వారి జాడ యాంటీవైరస్‌కు అంత సులువుగా దొరకదు.

ఏ ప్రోగ్రామ్ దేన్ని నడిపింది, ఏ చిరునామాతో మాట్లాడింది అన్నది సిస్‌మాన్ నమోదు చేస్తుంది. నిరుడు వానాకాలంలో, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రవాణా పత్రం) పేరుతో మెయిల్‌లో వచ్చిన వర్డ్ ఫైలును మా సిబ్బందిలో ఒకరు తెరిచారు. మర్నాడు ఉదయం 1వ నంబరు ఈవెంట్లు, అంటే ఏ ప్రోగ్రామ్ మొదలైనా పడే నమోదులు, చూస్తుంటే, వర్డ్ కడుపున పవర్‌షెల్ పుట్టినట్టు, దాని పక్కనే అర్థంకాని అక్షరాలతో నాలుగు వరుసల కమాండ్ ఉన్నట్టు కనిపించింది. యాంటీవైరస్ కిమ్మనలేదు. వెంటనే ఆ కంప్యూటరు కేబుల్ పీకేశాం. అయితే అంతకుముందు ఏం జరిగిందో చూడబోతే, నమోదులు దాచే 64 ఎంబీ ఫైలు (లాగ్) నిండిపోయి పాత నమోదులు చెరిగిపోయాయి. వచ్చినవారు గూఢచారులో మామూలు దొంగలో నేటికీ తేలలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

ఇప్పుడు లాగ్‌లన్నీ విండోస్‌లోని ఈవెంట్ ఫార్వర్డింగ్ సదుపాయం ద్వారా ఒకే సర్వరుకు చేరుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం వాటిని 180 రోజులు దాచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు సమాచారమివ్వాలి. సెట్టింగుల ఫైలు ఇవ్వకుండా పెడితే నెట్‌వర్క్ కనెక్షన్ల నమోదు జరగదన్నది కొత్తవారు గమనించాలి. ఆ ఫైలును మా అవసరానికి కుదుర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది; అప్పటిదాకా ప్రింటర్ సాఫ్ట్‌వేర్ హడావుడే లాగ్ నిండా. చదివే మనిషి లేని ఆఫీసుకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను.

గోదాములో కాటాకు కలిపిన విండోస్ 7 కంప్యూటరు మీద కొత్త సిస్‌మాన్ నడవదు. దాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీశాం, అందుకే తూకం లెక్కలు ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లోనే ఆఫీసుకు వస్తున్నాయి.